కత్‌బర్ట్ బ్రోడ్రిక్, ఆయన కట్టడాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్‌లోని లీడ్స్‌కి చదువుకో, ఉద్యోగానికో వచ్చిన మనవాళ్లు మొదటి వారంలోనే ఫొటో దిగే చోటు ఒకటుంది. టౌన్ హాల్ ముందున్న రాతి సింహం. వెనకాల నల్లటి స్తంభాలు, పైన గడియారం. ఇంటికి పంపిన ఆ ఫొటో చూసి "ఇదెవరు కట్టారు?" అని నాన్నగారు అడిగితే పిల్లల దగ్గర జవాబు ఉండదు. ఆ జవాబు కత్‌బర్ట్ బ్రోడ్రిక్. లండన్ నీడలో పడి ఆయన పేరు చాలామందికి తెలియకుండా పోయిందన్న బాధ నాకుంది. ఊరు చూడటానికి వచ్చిన స్నేహితులు, బంధువులు నన్ను అడిగిన ప్రశ్నలకే ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ఎవరీ బ్రోడ్రిక్?

1821 డిసెంబరులో హల్ అనే రేవుపట్నంలో పుట్టారు. ఇంగ్లండ్ తూర్పు తీరంలో, హంబర్ నది ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. తండ్రిది ఓడల వ్యాపారం, కలిగిన కుటుంబం. పదిహేనేళ్లు దాటగానే హెన్రీ ఫ్రాన్సిస్ లాక్‌వుడ్ అనే ఆర్కిటెక్ట్ దగ్గర పనికి కుదిరారు. ముప్పై ఏళ్లు దాటుతూనే లీడ్స్ టౌన్ హాల్ పని గెలుచుకున్నారు. తర్వాతి పదిహేనేళ్లలో లీడ్స్ కార్న్ ఎక్స్చేంజ్, మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్, స్కార్‌బరో అనే సముద్రతీర పట్టణంలో గ్రాండ్ హోటల్, సొంత ఊరు హల్‌లో టౌన్ హాల్ కట్టారు. యాభై నిండకుండానే అన్నీ వదిలి ఫ్రాన్స్ వెళ్లిపోయారు. 1905లో జెర్సీ ద్వీపంలో కన్నుమూశారు. ఎనభై మూడేళ్ల జీవితంలో పెద్ద పనులన్నీ ఆ పదిహేనేళ్లలోనే జరిగాయి.

ఆయన్ని "ప్రాంతీయ ఆర్కిటెక్ట్" అంటారు. అది చిన్నచూపా?

అనేవాళ్లను బట్టి ఉంటుంది. విక్టోరియా రాణి కాలంలో, అంటే 1837 నుంచి 1901 వరకు, లండన్ బయట పనిచేసే ఆర్కిటెక్టులందరినీ ఒకే గాటన కట్టి ఆ మాట అనేవారు. ఇంగ్లండ్ డబ్బు పుట్టిన చోటు మాత్రం ఆ బయటి ఊళ్లే. ఉన్ని లీడ్స్‌లో, బ్రాడ్‌ఫర్డ్‌లో, పత్తి మాంచెస్టర్‌లో, ఓడలు హల్‌లో, లివర్‌పూల్‌లో. 1835లో వచ్చిన మునిసిపల్ చట్టంతో ఆ ఊళ్లకు ఎన్నికైన కౌన్సిళ్లు వచ్చాయి. చేతిలో డబ్బు, ఓటు వేసే జనం, పక్క ఊరితో పోటీ, ఈ మూడూ కలిసిన చోటే బ్రోడ్రిక్ లాంటివాళ్లకు పని దొరికింది. లండన్‌లో ఉండుంటే ముప్పై ఏళ్ల మనిషికి ఇంత భవనం ఇచ్చేవారని నేను అనుకోను.

ఆ రోజుల్లో ఆర్కిటెక్ట్ కావాలంటే ఏ కాలేజీలో చేరేవారు?

కాలేజీ లేదు, గురువు ఉండేవారు. కుటుంబం కొంత సొమ్ము కట్టి కుర్రాణ్ని ఒక ఆర్కిటెక్ట్ దగ్గర ఒప్పందం మీద పెట్టేది. అక్కడే ఏళ్ల తరబడి గీతలు, కొలతలు, అంచనాలు, తాపీ మేస్త్రీలతో మాట్లాడటం నేర్చుకోవాలి. బ్రిటిష్ ఆర్కిటెక్టుల సంస్థ 1834లో మొదలైనా దాంట్లో సభ్యత్వానికి పరీక్ష తప్పనిసరి అయింది 1882లో. అప్పటికి బ్రోడ్రిక్ వృత్తి వదిలేసి పదేళ్లు దాటింది.

ఆయన అదనంగా చేసిందల్లా ప్రయాణం. 1844లో బయల్దేరి ఉత్తర ఫ్రాన్స్, పారిస్, తర్వాత ఇటలీలో జెనోవా, వెరోనా, వెనిస్, సియెనా, రోమ్ తిరిగారు. తిరిగొచ్చాక గురువుగారు లాక్‌వుడ్ భాగస్వామిగా చేరమన్నారు. ఈయన వద్దని హల్‌లోనే సొంత ఆఫీసు తెరిచారు. రోమన్ స్తంభాలు, పారిస్ గుమ్మటాలు తర్వాత ఆయన పనిలో ఎక్కడ కనిపించినా ఆ ప్రయాణమే గుర్తొస్తుంది నాకు.

అంత చిన్న వయసులో లీడ్స్ టౌన్ హాల్ ఎలా దక్కింది?

పోటీలో. 1852లో లీడ్స్ కౌన్సిల్ డిజైన్లు పంపమని ప్రకటించింది. మొదటి బహుమతి 200 పౌండ్లు. ఎంపికలో సలహా చెప్పడానికి సర్ చార్లెస్ బారీని పిలిచారు. అప్పటికి లండన్‌లో పార్లమెంటు భవనం కడుతున్న మనిషి, ఆ రంగంలో అంతకంటే పెద్ద పేరు లేదు. మొదటి బహుమతి బ్రోడ్రిక్‌కి వచ్చింది. రెండోది ఎవరికో తెలుసా? లాక్‌వుడ్, మాసన్ జంటకు. అంటే శిష్యుడు గురువుని దాటేశాడు. అప్పటికి లాక్‌వుడ్ బ్రాడ్‌ఫర్డ్‌కి మారి మాసన్‌తో కలిసి పనిచేస్తున్నారు.

కౌన్సిల్ సభ్యులకు గుబులు పట్టుకుంది. పేరు వినని కుర్రాడు, ఇంత పెద్ద కట్టడం చేతిలో పెట్టొచ్చా అని బారీనే అడిగారు. బారీ భయం లేదన్నారు. ఆ ఒక్క మాట లేకపోతే ఈ కథ అక్కడితో ముగిసేది. పెద్దవాళ్లు అడ్డుపడకుండా ఒక్క మాట సాయం చేస్తే చిన్నవాళ్ల చేతుల్లోంచి ఏం వస్తుందో చూడాలంటే లీడ్స్ నడిబొడ్డుకి వెళ్లి నిలబడితే చాలు.

ఊరికి అంత భవనం ఎందుకు? మామూలు ఆఫీసు గది సరిపోదా?

అప్పట్లోనూ చాలామంది ఇదే అడిగారు. పన్ను కట్టేవాళ్ల గొడవ చిన్నది కాదు. అటువైపు పదహారు కిలోమీటర్ల దూరంలో బ్రాడ్‌ఫర్డ్ అప్పటికే సెయింట్ జార్జ్ హాల్ కట్టుకుంటోంది. దాని ఆర్కిటెక్టులు మళ్లీ లాక్‌వుడ్, మాసన్. తమకంటే చిన్న ఊరు సంగీత కచేరీలకు ఒక మహా మందిరం కట్టుకుంటే లీడ్స్ ఊరుకుంటుందా? 1851 నాటికి లీడ్స్ జనాభా లక్షా డెబ్బై వేలు దాటింది. కోర్టులకు, కౌన్సిల్‌కి, పోలీసులకు, పెద్ద సభలకు తగిన చోటు నిజంగానే లేదు. అవసరం, పంతం రెండూ కలిశాయి. బ్రోడ్రిక్ వాటన్నిటినీ ఒకే కప్పు కిందకు తెచ్చారు.

గడియారం గోపురం మొదటి డిజైన్‌లో లేదంటారు. నిజమేనా?

నిజమే. పునాది రాయి 1853 ఆగస్టు 17న పడింది. గోపురం మాత్రం ఏళ్ల తరబడి వాదనల్లో నలిగింది. దానివల్ల ఒక గది కూడా రాదు, ఖర్చు దండగ అని ఒక వర్గం. ఊరికి తలెత్తుకునే గుర్తు ఉండాలని ఇంకో వర్గం. ఆ రెండో వర్గం తరఫున గట్టిగా మాట్లాడినవారిలో డాక్టర్ జాన్ డీకిన్ హీటన్ ఒకరు. చివరికి 1856లో ఒప్పుకున్నారు. ఎత్తు 225 అడుగులు. 1966 దాకా లీడ్స్‌లో అంతకంటే ఎత్తైన కట్టడం లేదు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. తర్వాత అతికించిన గోపురాలు చాలాచోట్ల తలమీద బరువు పెట్టినట్టు ఉంటాయి. ఇక్కడ అలా అనిపించదు. గోపురం చుట్టూ మళ్లీ స్తంభాలే, పైన వంపు తిరిగిన గుమ్మటం. కింది భవనం చెప్పిన మాటనే పైన ఇంకొంచెం గొంతెత్తి చెబుతుంది.

ఖర్చు అనుకున్నంతలోనే అయిందా?

లేదు. కాంట్రాక్ట్ సుమారు 42 వేల పౌండ్లకు ఇచ్చారు. అంతా అయ్యేసరికి లక్షా ఇరవై వేలు దాటింది. మధ్యలో మార్పులు, గోపురం, లోపలి అలంకారాలు అన్నీ వచ్చి చేరాయి. కాంట్రాక్టర్ శామ్యూల్ అటాక్ 1857లో దివాలా తీశాడు. రాణి రిబ్బన్ కోసే వేడుక గురించి రాసేవాళ్లు ఈయన గురించి రాయరు. ఆ స్తంభాలు ఎత్తించిన మనిషి ఆస్తి మిగుల్చుకోలేకపోయాడన్నది మర్చిపోకూడదనే ఈ ప్రశ్న ఇక్కడ పెట్టాను.

లోపల చూడాల్సింది ఏమిటి?

నడుమ విక్టోరియా హాల్. పొడవు 161 అడుగులు, వెడల్పు 72, ఎత్తు 75. పైన అర్ధవృత్తం తిరిగిన కప్పు, గోడల వెంట జంట స్తంభాలు, ఒక చివర గ్రే అండ్ డేవిసన్ వాళ్లు చేసిన బ్రహ్మాండమైన పైపు ఆర్గన్ వాద్యం. చుట్టూ రంగురంగుల అలంకారం జాన్ క్రేస్ పని. గోడల మీద నీతివాక్యాలు రాయించారు. వాటిలో నాకు నచ్చింది నేతపనికి సంబంధించినది: నమ్మకంతో సత్యాన్ని కలిపి నేయమని దాని భావం. బట్టల ఊరు కదా.

ప్లాన్ చూస్తే ఆయన తెలివి ఇంకా బాగా అర్థమవుతుంది. మధ్యలో సభామందిరం, నాలుగు మూలల్లో కోర్టులు, కౌన్సిల్ గది, వాటి మధ్య వసారాలు. సంగీతం వినడానికి వచ్చిన జనం, కోర్టుకి వచ్చిన జనం ఒకరికొకరు అడ్డు రారు. నేలమాళిగలో, ముందు మెట్ల కింద, ఖైదీల గదులు. పైకప్పు మీద కనిపించే చిన్న చిన్న బురుజులు కూడా ఉత్త సోకు కాదు, లోపలి వేడిగాలి బయటికి పోయే దారులు. బ్రోడ్రిక్ భవనం దేన్ని చూసినా ముందు ప్లాన్ చూడండి, ముఖం తర్వాత చూడొచ్చు. ఈ పేజీలో నేను చెప్పదలుచుకున్నది నిజానికి ఇదొక్కటే.

1858 సెప్టెంబరు 7న విక్టోరియా రాణి వచ్చి ప్రారంభించారు. అప్పటి మేయర్ పీటర్ ఫెయిర్‌బెర్న్, నార వడికే యంత్రాలు తయారుచేసే పారిశ్రామికవేత్త, ఆ రోజే నైట్ బిరుదు అందుకున్నారు. రాణి బస చేసింది కూడా ఆయన ఇంట్లోనే. 1941 మార్చిలో జర్మన్ బాంబు పడి భవనానికి కొంత దెబ్బ తగిలినా నిలిచింది. 1960ల నుంచి లీడ్స్ అంతర్జాతీయ పియానో పోటీల ఫైనల్స్ ఈ హాల్లో జరుగుతూ వచ్చాయి.

మరి ఆ సింహాలు? అవీ ఆయనే చెక్కారా?

సింహాలు 1867లో వచ్చి చేరాయి. చెక్కింది హల్‌కే చెందిన శిల్పి విలియం డే కీవర్త్. గడియారం పదమూడు గంటలు కొడితే సింహాలు లేచి నడుస్తాయని లీడ్స్ పిల్లలకు చెబుతారు. ద్వారం పైన ఉన్న శిల్పాలు వేరే ఆయనవి, జాన్ థామస్ పని.

భవనం ఎందుకలా నల్లగా ఉంది?

రాయి మామూలుగా లేత గోధుమ రంగుది. యార్క్‌షైర్‌లో తిరగలి రాళ్లకు వాడిన గరుకు ఇసుకరాయి. బొగ్గు పొగ దశాబ్దాల పాటు దానిలోకి ఇంకింది. తర్వాత శుభ్రం చేశారు, అయినా నీడలున్న చోట మసి మిగిలింది.

మీరెప్పుడూ కార్న్ ఎక్స్చేంజ్ గురించే మాట్లాడతారు. ఏముంది దానిలో?

వెలుతురు ఉంది.

కార్న్ ఎక్స్చేంజ్ అంటే ధాన్యం బేరాల చోటు. మన మార్కెట్ యార్డులో లాగా బస్తాల కొండలు ఉండవు. వ్యాపారి చిన్న సంచుల్లో నమూనా తెస్తాడు, కొనేవాడు గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని చూస్తాడు. గింజ పాలిపోయిందా, నల్లమచ్చ ఉందా, తేమ పట్టిందా అన్నది కంటితో తేల్చాలి. ధర దాని మీదే. ఎండ నేరుగా పడితే గింజ లేనిపోని మెరుపు మెరుస్తుంది, నీడలో పెడితే మంచిది కూడా చెడ్డగా కనిపిస్తుంది. కావలసింది రోజంతా ఒకే తీరుగా ఉండే చల్లటి వెలుతురు. ఉత్తరార్ధగోళంలో అది ఉత్తరం నుంచే వస్తుంది. చిత్రకారులు ఉత్తరం వైపు కిటికీ కోరుకునేది కూడా ఇందుకే.

అందుకని బ్రోడ్రిక్ భవనం మొత్తాన్ని కోడిగుడ్డు ఆకారంలో గీశారు. దాని మీద ఒక పెద్ద గుమ్మటం. ఆ గుమ్మటానికి ఇనుప పక్కటెముకలు, వాటి మధ్య చెక్క పలకలు, ఉత్తరం వాలులో మాత్రం విశాలంగా అద్దాలు. లోపలికి అడుగుపెట్టగానే నెత్తిమీద పెద్ద ఓడను బోర్లించినట్టు ఉంటుంది. ఓడల ఊళ్లో పెరిగిన మనిషి గీసింది కదా అని ప్రతిసారీ అనుకుంటాను, అది నా ఊహే అయినా. చుట్టూ రెండు అంతస్తుల్లో వ్యాపారుల చిన్న ఆఫీసులు. మూలలు లేని గది కాబట్టి ఎక్కడ నిలబడ్డా ఎదుటివాళ్లందరూ కనిపిస్తారు. బేరానికి అంతకంటే ఏం కావాలి?

బయటి గోడ చూస్తే ప్రతి రాయీ నాలుగు పలకలుగా పొడుచుకొచ్చి వజ్రంలా కోసి ఉంటుంది. కిటికీలన్నీ అర్ధచంద్ర కమానుల కింద రెండు వరుసలు. స్తంభాల వరసలు, విగ్రహాలు ఏవీ లేవు. టౌన్ హాల్ కట్టిన మనిషే నాలుగేళ్లలో ఇంత మితంగా కట్టగలిగారంటే ఆయనకు అలంకారం మీద మోజు ఉండి చేయలేదని, సందర్భాన్ని బట్టి చేశారని తెలుస్తుంది. 1861లో పని మొదలై 1863లో తెరిచారు.

ఇరవయ్యో శతాబ్దంలో ధాన్యం వ్యాపారం పలచబడి భవనం కళ తప్పింది. 1990 నాటికి బాగుచేసి దుకాణాలకు ఇచ్చారు. నడుమ నేలను గుండ్రంగా కోసి కింది అంతస్తుకి వెలుతురు దింపారు. దీనిపై అభిప్రాయాలు రెండు రకాలు. అసలు నేల అలాగే ఉండాల్సిందని నాకూ ఒకప్పుడు అనిపించేది. కానీ కింది దుకాణంలో నిలబడి పైకి చూసినప్పుడు గుమ్మటం ఇంకా ఎత్తుగా కనిపిస్తుంది. ఇప్పుడు ఫిర్యాదు లేదు.

పారిస్‌లో ఉన్నదాన్ని చూసి కట్టారంటారు. కాపీయా?

పారిస్‌లో గుండ్రటి ధాన్యపు మార్కెట్ ఉండేది, గుమ్మటంతో. బ్రోడ్రిక్ దాన్ని చూసే ఉంటారని చరిత్ర రాసినవాళ్లు చెబుతారు, పోలిక కూడా స్పష్టమే. అది వృత్తం, ఇది అండాకారం. వెలుతురు వచ్చే పద్ధతి వేరు. అక్కడి నుంచి తెచ్చుకున్నది ఆలోచన, కట్టింది లీడ్స్ అవసరం. దాన్ని కాపీ అనలేను.

లీడ్స్ సిటీ మ్యూజియం కూడా ఆయనదేనా?

అవును, అది అప్పట్లో మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్. పగలు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు సాయంత్రం చదువుకోవడానికి కట్టిన సంస్థ. 1865 నుంచి 1868 మధ్య కుక్‌రిడ్జ్ వీధిలో లేచింది. మళ్లీ అదే పద్ధతి: నడుమ గుండ్రటి ఉపన్యాస మందిరం, దాదాపు 1,500 మంది కూర్చునేలా, దాని చుట్టూ చదరంగా తరగతి గదులు. మాట అందరికీ వినపడాలి, మాట్లాడేవాడు అందరికీ కనపడాలి, అందుకే గుండ్రం. తర్వాత చాలాకాలం అది నాటకశాలగా నడిచింది. పాత మ్యూజియం వేరేచోట ఉండేది, 1941 నాటి అదే బాంబుదాడిలో బాగా దెబ్బతింది. 2008లో మ్యూజియం ఈ భవనంలోకి వచ్చింది. ఇప్పుడు ఆ నడిమి హాలుకి బ్రోడ్రిక్ పేరే పెట్టారు. నేల మీద లీడ్స్ పటం పరిచి ఉంటుంది. పిల్లలు దానిమీద పాకుతూ తమ వీధి వెతుక్కుంటుంటే చూడటం నాకిష్టం. శ్రామికుల చదువు కోసం కట్టిన గది ఇంకా ఆ పనే చేస్తోంది.

స్కార్‌బరో గ్రాండ్ హోటల్ క్యాలెండర్ లెక్కన కట్టారా?

నాలుగు ఋతువులకు నాలుగు బురుజులు, పన్నెండు నెలలకు పన్నెండు అంతస్తులు, యాభైరెండు వారాలకు 52 పొగగొట్టాలు, రోజుకొకటిగా 365 పడకగదులు. అక్కడ గైడ్లందరూ చెప్పే లెక్క ఇది. పైనుంచి చూస్తే ఆకారం ఇంగ్లిష్ అక్షరం "వి", విక్టోరియా రాణి పేరులో మొదటిది. ఈ కథ చెప్పుకోవడానికి బాగుంటుంది. నేను ఎక్కువ ఆలోచించేది మాత్రం ఆ చోటు గురించి. సముద్రం మీదికి నిట్టనిలువుగా దిగే కొండ అంచు, ఇటు ఊరి వీధి, కొన ఇరుకు. "వి" ఆకారం ఆ నేలకు సరిగ్గా అతుకుతుంది, సముద్రం చూసే గదులూ ఎక్కువ వస్తాయి. వీధి వైపు నుంచి చూస్తే మామూలు పెద్ద భవనం. బీచ్ మీదికి దిగి వెనక్కి తిరగండి, కొండంత కోట. పెట్టుబడి పెట్టిన మొదటి కంపెనీ మధ్యలో చేతులెత్తేసింది, చివరికి 1867లో తలుపులు తెరిచారు. అప్పట్లో యూరప్‌లోని అతిపెద్ద హోటళ్లలో ఒకటి. స్నానానికి మంచినీళ్లతో పాటు సముద్రపు నీళ్లు కూడా కొళాయిలో వచ్చేవట.

రచయిత్రి ఆన్ బ్రాంటీ 1849లో చనిపోయిన బస ఇల్లు ఉన్న స్థలం కూడా ఇదే. 1914 డిసెంబరులో జర్మన్ యుద్ధనౌకలు స్కార్‌బరోపై కాల్పులు జరిపినప్పుడు హోటల్‌కి గుండ్లు తగిలాయి.

డార్విన్‌కి ఈయన భవనంతో ఏం సంబంధం?

ఇల్క్‌లీ అనే కొండ ఊళ్లో బ్రోడ్రిక్ 1850ల్లో వెల్స్ హౌస్ అనే నీటి వైద్యశాల కట్టారు. చన్నీళ్ల స్నానాలు, తడి దుప్పట్లు చుట్టడం, నడక, ఇవీ అక్కడి వైద్యం. 1859 అక్టోబరులో ఒంట్లో బాగాలేక చార్లెస్ డార్విన్ అక్కడికి వచ్చారు. కుటుంబం వచ్చాక దగ్గర్లో వేరే ఇంట్లోకి మారినా వైద్యం సాగింది. ఆయన జాతుల పుట్టుక పుస్తకం అదే ఏడాది నవంబరు 24న బయటికి వచ్చినప్పుడు ఆయన ఇల్క్‌లీలోనే ఉన్నారు.

ఆయన కట్టినవాటిలో కూలిపోయినవి ఉన్నాయా?

ఉన్నాయి. ఎక్కువగా పోగొట్టుకున్నది ఆయన సొంత ఊరే. హల్ టౌన్ హాల్ 1866లో పూర్తయింది. యాభై ఏళ్లు తిరక్కుండానే, గిల్డ్‌హాల్ అనే కొత్త పాలనా భవనం కోసం పడగొట్టేశారు. దాని నెత్తిమీద ఉన్న చిన్న గుమ్మటం ఒక్కటి పియర్సన్ పార్కులో గడ్డి మీద నిలబెట్టారు. తల ఒక్కటీ మిగిలిన మనిషిని చూసినట్టుంటుంది నాకు. హల్‌లోనే రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అని గ్రంథాలయం, మ్యూజియం ఉన్న భవనం 1943 బాంబుదాడిలో పోయింది.

లీడ్స్‌లో ఓరియంటల్ బాత్స్ అని తూర్పుదేశాల పద్ధతిలో, మినార్లతో, రంగు ఇటుకల చారలతో ఒక స్నానశాల కట్టారు. పదిహేనేళ్లకే దాని ముఖం మార్చేశారు, 1969లో పూర్తిగా కూల్చారు. పాత చిత్రాల్లో చూస్తే ఇంత గంభీరమైన మనిషిలో ఇంత సరదా ఉందా అనిపిస్తుంది. ఆయన పనుల్లో ఒక్కటి తిరిగి తెచ్చుకోగలిగితే ఏదని అడిగితే నేను దీన్నే కోరుకుంటాను.

నలభై ఎనిమిదేళ్లకే ఎందుకు మానేశారు?

ఒక్క కారణం చెప్పలేం. లండన్‌లో ప్రభుత్వ కార్యాలయాలకు, నేషనల్ గ్యాలరీకి జరిగిన పెద్ద పోటీల్లో గీశారు, పని రాలేదు. దేశమంతా గోతిక్ శైలి వైపు మొగ్గింది, కోసు కమానులు, సన్నటి శిఖరాలు. బ్రోడ్రిక్ మనసు రోమన్, ఫ్రెంచ్ పద్ధతుల్లోనే ఉండిపోయింది. లీడ్స్‌లోనూ కొత్త పెద్ద పనులు ఆగిపోయాయి. ఒక్కో పోటీకి నెలల తరబడి గీసి, డబ్బు ఖర్చుపెట్టి, చేతికి ఏమీ రాకపోతే ఎంత విసుగొస్తుందో ఆ వృత్తిలో ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. సొంత జీవితంలోనూ మార్పు వచ్చింది. తాను ప్రేమించిన ఒక ఆమెతో కలిసి 1870 ప్రాంతంలో ఫ్రాన్స్ వెళ్లిపోయారు. ఆమె అప్పటికే వివాహిత. ఆనాటి ఇంగ్లిష్ సమాజంలో అది చిన్న విషయం కాదు.

ఓడిపోయి పారిపోయారని కొందరు రాస్తారు. నేను ఒప్పుకోను. పారిస్ పక్కన ల వెజినే అనే పచ్చటి పేటలో ఏళ్ల తరబడి బొమ్మలు వేసుకుంటూ, తోట పెంచుకుంటూ గడిపారు. 1890ల చివర్లో జెర్సీ ద్వీపానికి మారారు. 1905 మార్చిలో అక్కడే పోయారు, అక్కడే సమాధి. అప్పటికి లీడ్స్ పట్టణం నగరం హోదా పొంది పన్నెండేళ్లయింది.

ఆయన ప్రభావం తర్వాతివాళ్ల మీద ఉందా?

బోల్టన్ టౌన్ హాల్ చూడండి, లీడ్స్ తోబుట్టువులా ఉంటుంది. దాని ఆర్కిటెక్ట్ విలియం హిల్ లీడ్స్ మనిషే. మోర్లీ టౌన్ హాల్, పోర్ట్స్‌మత్ గిల్డ్‌హాల్ కూడా ఆ వరసలోవే. మెట్లు, స్తంభాల వరస, పైన గోపురం అన్న ఈ రూపాన్ని పారిశ్రామిక ఊళ్లు తమ టౌన్ హాళ్లకు మళ్లీ మళ్లీ కోరుకున్నాయి.

ఈ భవనాలకు చట్టపరంగా రక్షణ ఉందా?

ఉంది. ఇంగ్లండ్‌లో చారిత్రక కట్టడాలను మూడు శ్రేణుల్లో నమోదు చేస్తారు. అన్నిటికంటే పైదైన మొదటి శ్రేణిలో ఉండేవి మొత్తంలో రెండున్నర శాతమే. లీడ్స్ టౌన్ హాల్, కార్న్ ఎక్స్చేంజ్ రెండూ అందులో ఉన్నాయి. గ్రాండ్ హోటల్, మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్ దాని కింది శ్రేణుల్లో ఉన్నాయి.

ఆయన పేరు బ్రోడ్రిక్కా, బ్రోడరిక్కా?

బ్రోడ్రిక్. పాత పత్రికల్లో, కొన్ని బోర్డుల మీద కూడా మధ్యలో ఒక అక్షరం ఎక్కువ కనిపిస్తుంది. వెతికేటప్పుడు రెండు రకాలుగానూ వెతకండి.

మాకు ఒక్క రోజే ఉంది. ఏ వరసలో చూడాలి?

లీడ్స్ స్టేషన్ దగ్గర దిగితే మూడు భవనాలూ నడిచే దూరంలోనే. పొద్దున్నే టౌన్ హాల్‌కి వెళ్లండి. ముందు నుంచి ఫొటో తీసుకోగానే వచ్చేయకుండా చుట్టూ ఒకసారి నడవండి, పక్క గోడల మీది స్తంభాల పని ముందువైపుకి ఏమీ తీసిపోదు. అక్కడి నుంచి అయిదు నిమిషాల్లో మ్యూజియం. లోపలికి టికెట్ లేదు, గుండ్రటి హాల్లో కాసేపు కూర్చోండి.

మధ్యాహ్నానికి కార్న్ ఎక్స్చేంజ్ చేరండి. ఇంకో రోజు దొరికితే స్కార్‌బరోకి నేరుగా రైలు ఉంది, గంటంపావు ప్రయాణం. ఇల్క్‌లీ అరగంటే. వర్షం పడుతుంటే మానుకోవద్దు, కార్న్ ఎక్స్చేంజ్‌కి మబ్బు రోజే మంచిది. పై అంతస్తు వసారాలో పిట్టగోడ దగ్గర నిలబడి చేయి చాపి అరచేయి చూసుకోండి. ఎక్కడా నీడ పడదు, గీతలన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. నూట అరవై ఏళ్ల కిందట గోధుమలు చూసింది ఆ వెలుతురులోనే.